ఆకు పట్టి చెట్టు పేరు చెప్పిన కాలం

బనగానపల్లె అనగానే బయటివాళ్లకు మామిడిపండు గుర్తొస్తుంది. ఊరి చుట్టూ బేనిషాన్ తోటలున్న మాట నిజమే. 2017లో ఆ పండుకు భౌగోళిక గుర్తింపు వచ్చినప్పుడు మేమూ సంబరపడ్డాం. కానీ మా ఇళ్లల్లో పండు ఉండేది రెండు మూడు నెలలు. ఏడాది పొడుగునా ఉండేది ఆకు. మేకకు ఆకు, మడికి ఆకు, పప్పులోకి ఆకు, విస్తరికి ఆకు, దెబ్బకు ఆకు, దేవుడికి ఆకు. అన్నీ ఎర్రమల కొండల నుంచో, చేల గట్ల నుంచో వచ్చేవే. ఎవరూ నాటినవి కావు, ఎవరూ నీళ్లు పోసినవి కావు. అడవిలో తెలియని మొక్క ఎదురైతే అది పూసేదాకా, కాసేదాకా ఆగే తీరిక ఎవరికీ ఉండేది కాదు. ఆకు చూసి అదేమిటో తేల్చుకోవాల్సిందే. యాగంటి పోయే దారిలో ఉన్న మా పల్లెలో 1960లు, 70లలో ఇది వైద్యుల విద్య కాదు. గొడ్లు కాసే పిల్లలందరికీ వచ్చిన విద్య.

బనగానపల్లెకు పడమర ఎర్రమలలు. తూర్పున నల్లరేగడి నేలలు, వాటి నడుమ కుందేరు, ఆవల నల్లమల. రెండు కొండలూ కళ్లముందే ఉన్నా రెంటి అడవీ ఒకటి కాదు. మా ఎర్రమలలో రాయి ఎక్కువ, వాన తక్కువ. చండ్ర, బిల్లుడు, పాలకొడిశ, బలుసు, పరికి, ఊడుగ, నారయేపి ఇక్కడి చెట్లు. నల్లమలలో టేకు, నల్లమద్ది, వేగిస, చిరుమాను, వెదురు. మా పిల్లలను అహోబిలం అడవిలో వదిలితే సగం చెట్లకు పేరు చెప్పలేక తెల్లమొగం వేసేవాళ్లు. ఆళ్లగడ్డ వైపు పిల్లలు మా కొండ ఎక్కితే వాళ్లదీ అదే గతి. ఆ వైపు నుంచి కోడలు వస్తే ఆమెతో పాటు నాలుగు కొత్త ఆకుల ముచ్చట్లు కూడా మా ఊరికి వచ్చేవి.

మా అవ్వకు అక్షరం ముక్క రాదు. మేకల మంద మాత్రం ఉండేది. మేకలున్న మనిషికి ఆకులు తెలియకపోతే మంద మిగలదు. ఎండాకాలం గడ్డి మాడిపోయినప్పుడు నారయేపి కొమ్మ నరికి వేసేవాళ్లు. దాని ఆకు రెండు భాగాలుగా చీలి పశువు గిట్టలా ఉంటుంది, దూరం నుంచే తెలిసిపోతుంది. ఆరె ఆకు కూడా కొనలో చీలుతుంది కానీ మొదలు కలిసే ఉంటుంది. నారయేపికి రెండూ పూర్తిగా విడివిడి రేకులే. ఈ తేడా పట్టడం మా తొలిపాఠాల్లో ఒకటి. నారయేపి ఆకు మేకకు, బెరడు నారకు. ఆ నారతో పేనిన మోకులే మా బావుల మీద ఆడేవి. ఇక వాన మొహం చాటేసిన ఏడు గిడసబారిన జొన్న పిలకల వైపు మందను పోనిచ్చేవాళ్లు కాదు. విషం పట్టిన ఆ పిలకలే నాము, అది తిన్న గొడ్డు నిలువునా కూలుతుంది.

అవ్వ ఆకును గుర్తుపట్టే తీరు నాకిప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ఎవరైనా ఆకు ఒక్కటే తెంపుకొస్తే కసిరేది.

"ఒట్టి ఆకు తెస్తే నేనేం జెప్పేదిరా? కొన గూడా తుంచుకోని రాపో."

కొమ్మ చేతికొచ్చాక మొదట చూసేది ఆకులు ఎట్లా కూర్చున్నాయన్నది. ఎదురెదురుగా జంటలున్నాయా, ఒకటి అటు ఒకటి ఇటు ఉన్నాయా? తర్వాత, చేతిలో ఉన్నది ఒక ఆకా, ఒక ఆకులోని రేకా? చింత, కానుగ, వేప లాంటివాటికి మనం ఆకులనుకునేవి నిజానికి ఒకే ఆకులోని భాగాలు. తేల్చుకోవడానికి అవ్వకొక గుర్తు ఉండేది. కాడ మొదట్లో, కొమ్మకు తగిలే చంకలో, చిగురు మొగ్గ ఉంటే అది ఆకు. మొగ్గ లేకపోతే ఇంకా వెనక్కి పోయి చూడాలి. తర్వాత నేను డిగ్రీలో వృక్షశాస్త్రం చదివినప్పుడు మా మేష్టారు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పింది కూడా ఇదే.

ఆ తర్వాత ఆకు తిరగేయాలి. వెనకవైపు నూగు ఉందా, తెల్లగా ఉందా, ఈనె మొదట్లో గుబ్బలున్నాయా? నల్లమద్ది ఆకు వెనక నడిమి ఈనె మొదట్లో చిన్న గ్రంథులు కనబడతాయి. పక్కనున్న చెట్టు ఎంత పోలికగా ఉన్నా అవి లేకపోతే నల్లమద్ది కాదు. ఆకు తుంచాలి. పాలు వచ్చాయా, జిగురు వచ్చిందా, ఏమీ రాలేదా? నలపాలి. లేత టేకాకు నలిపితే అరచెయ్యి ఎర్రబడుతుంది. వాసన చూడాలి. ఆ పైన ఎండకు అడ్డం పట్టి చూడాలి. బిల్లుడు, వెలగ, మారేడు ఆకులను వెలుగుకు పట్టితే లోపల సన్నని చుక్కలు మెరుస్తాయి. అవి నూనె తిత్తులనీ, నిమ్మ కుటుంబపు చెట్లకు అది సామాన్య లక్షణమనీ నాకు కాలేజీ చెప్పింది. "చుక్కలున్న ఆకులన్నీ ఒక ఇంటివే" అని అవ్వ అంతకుముందే చెప్పింది.

నాలుకను ఆఖరున వాడేవాళ్లు, అదీ అందరూ కాదు. పాలు కారే ఆకు నోట పెట్టరాదని గట్టి కట్టడి. మిగతావాటినైనా నాలుక కొనకు తాకించి ఉమ్మెయ్యాలి, మింగరాదు. ఈ కట్టడి దాటిన పిల్లలకు వీపు మోగేది.

పిల్లలకు ఇదంతా ఆటల్లోనే అబ్బేది. వెంపలి రెమ్మలోని ఒక రేకును రెండు కొనలూ పట్టి లాగితే అడ్డంగా తెగదు, ఈనెల వెంట బాణం ములుకు ఆకారంలో చీలుతుంది. ఎవరి వెంపలి సరిగ్గా చీలిందో చూసుకుని పందేలు కాసేవాళ్లం. దూసరితీగ ఆకులు నీళ్లలో పిసికి వడగట్టి పెడితే కాసేపటికి ఆ నీళ్లు గడ్డకట్టేవి. పొడపత్రి ఆకు నమిలి ఆ వెంటనే బెల్లం తింటే నోట్లో మన్ను పోసుకున్నట్టే. ఆ ఆకులోని పదార్థం నాలుకకు తీపి తెలియకుండా చేస్తుంది. కొత్తగా ఊరికొచ్చిన చుట్టాల పిల్లలను ఆటపట్టించడానికి ఇంతకు మించిన సాధనం లేదు. గురివింద ఆకు నమిలితే తియ్యగా ఉంటుంది. గింజ మాత్రం విషం. ఒకే తీగకు తినదగ్గదీ, ముట్టకూడనిదీ రెండూ ఉంటాయని అక్కడే తెలిసింది.

ముంగారి వానలు పడగానే ఆడవాళ్ల విద్య మొదలయ్యేది. కలుపు తీయడానికి పోయినవాళ్లు ఇంటికి వచ్చేటప్పటికి ఒడి నిండా ఆకు ఉండేది. చెంచలాకు, గురుగాకు, తుమ్మాకు, దొగ్గలాకు, పొన్నగంటాకు. అన్నీ కలిపి పప్పులో వేసి ఎనిపి, జొన్న సంగటిలోకి పెట్టేవాళ్లు. కరువు ఏళ్లలో పప్పు పోయి ఆకు ఒక్కటే మిగిలేది. పొలంలో మొలిచిన ప్రతి ఆకూ కూరకు పనికిరాదు కనుక ఈ ఏరివేత తప్పులేకుండా జరగాలి. గలిజేరు, అటికమామిడి రెండూ నేలబారున పాకుతాయి, రెంటికీ గుండ్రటి ఆకులు, ఎర్రటి కాడలు. చూసిన వాళ్లెవరైనా ఒకటే అనుకుంటారు. గలిజేరు ఆకు కండగా ఉంటుంది, జంటలో ఒకటి పెద్దది ఒకటి చిన్నది, కాడ మొదలు వెడల్పై ఒక చిన్న సంచి మాదిరి అయ్యి అందులో పువ్వు దాగి ఉంటుంది. అటికమామిడి ఆకు అంత కండగా ఉండదు, వెనకవైపు పాలిపోయి ఉంటుంది, గులాబీ రంగు చిట్టి పూలు సన్నని కాడల మీద బయటికి నిలుస్తాయి. ఒళ్లు ఉబ్బినవాళ్లకు వండిపెట్టాలంటే అటికమామిడే కావాలి. ఇది తెలిసిన ఆడవాళ్లు ప్రతి ఇంట్లో ఉండేవాళ్లు.

మడికి వేసే ఆకు వేరు. మా చుట్టాలకు నంద్యాల, ఆళ్లగడ్డ వైపు కర్నూలు-కడప (కె.సి.) కాలువ కింద వరి మళ్లుండేవి. యూరియా ఇంటింటికీ రాకముందు నాట్లకు ముందు కానుగ, జిల్లేడు, వెంపలి కోసుకొచ్చి బురదలో తొక్కేవాళ్లు. ఏది తొందరగా కుళ్లుతుంది, ఏది పుల్లపుల్లగా మిగిలి కాళ్లకు గుచ్చుకుంటుంది అన్నది కూలీలందరికీ తెలుసు. బిల్లుడు రెమ్మలను పురుగు రాకుండా మడిలో గుచ్చడం కూడా ఉండేది. బీడీల ఆకు కోసేవాళ్లకు తునికి తప్ప మరొకటి కంటికి ఆనదు. ఆ వ్యాపారాన్ని 1971 చట్టంతో ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకున్నాక కోత, కట్టలు, లెక్క అన్నీ కల్లాల దగ్గర జరిగాయి. విస్తరికి మోదుగ. మూడు రేకుల్లో పక్కవి రెండూ వంకరగా, నడిమిది సమంగా ఉంటుంది. కుట్టేవాళ్లు నడిమిదాన్ని విస్తరి మధ్యకు, పక్కవాటిని అంచులకు వాడేవాళ్లు.

ఏడాదికి ఒకసారి ఈ చదువుకు పరీక్ష పెట్టే పండగ ఉండేది. వినాయక చవితి. ఇరవై ఒక్క పత్రి కొనుక్కోవడమన్న మాటే లేదు. ముందు రోజు సాయంత్రం పిల్లలందరినీ గుట్టల మీదికి తోలేవాళ్లు. ఉమ్మెత్త, జిల్లేడు, ఉత్తరేణి, రేగు, మారేడు, వాకుడు సులభం. వావిలి దొరకాలంటే వంక వెంట పోవాలి. ఐదు రేకుల ఆకు, వెనక బూడిద తెలుపు, నలిపితే ఘాటు వాసన. విష్ణుక్రాంతం గడ్డిలో దాగి ఉంటుంది, నీలం పువ్వు పూసి ఉంటే తప్ప కంటబడదు. దేవదారు హిమాలయాల చెట్టు, మా వైపు ఎక్కడిది? ఏదో ఒక ఆకు పెట్టి దండం పెట్టేవాళ్లం. గండకీ పత్రం ఏదన్న దాని మీద ఏటా తగాదా నడిచేది, ఇద్దరు పెద్దలు ఒక్క మాట మీదికి వచ్చింది నేను చూడలేదు.

అసలు చిక్కు జమ్మి దగ్గర. సర్కారు కంప ఊళ్లను ఆక్రమించుకుంటున్న రోజులవి. దాని ఆకూ చింతాకు పోలికే, జమ్మి ఆకూ అంతే. ముల్లు చూసి తేల్చాలి. సర్కారు కంపకు ఆకు పుట్టే కణుపు దగ్గరే ముళ్లు ఉంటాయి. జమ్మికి కణుపుల నడుమ, కొమ్మ పొడవునా చిన్న ముళ్లు చెదురుమదురుగా ఉంటాయి. తుమ్మకు తెల్లటి పొడుగాటి ముళ్ల జంటలు, చండ్రకు వంకీ తిరిగిన ముళ్ల జంటలు. ముల్లు చూడకుండా జమ్మి తెచ్చిన పిల్లవాణ్ణి దసరా దాకా ఏడిపించేవాళ్లు.

నల్లమల వైపు పందెం ఇంకా పెద్దది. అక్కడ ఒక ఆకు తప్పుపడితే ప్రాణమే పోవచ్చు. ముష్టి, చిల్ల అన్నదమ్ముల చెట్లు. రెంటికీ ఆకులు ఎదురెదురుగా ఉంటాయి. రెంటికీ ఆకు మొదట్లోనే మూడు నుంచి ఐదు ఈనెలు విడిపోయి కొన దాకా వంపు తిరిగి పోతాయి. ఇంత పోలిక ఉన్నా ఒకటి చావు, ఒకటి మంచినీళ్లు. ముష్టి గింజలో ఉన్నది స్ట్రిక్‌నిన్ అనే విషం. చిల్లగింజను మట్టికుండ లోపలి అంచున అరగదీస్తే వరద బురద అడుగుకు దిగి నీళ్లు తేరుకుంటాయి. కుందేరు పొంగిన రోజుల్లో చిల్లగింజ లేని ఇల్లు ఉండేది కాదు.

చెట్టు కాయల మీద ఉంటే పొరబాటు రాదు. ముష్టిది నారింజంత కాయ, లోపల బిళ్లల్లాంటి గింజలు. చిల్లది నల్లటి చిన్న పండు, ఒకటే గింజ. కాయ లేని కాలంలో ఆకే దిక్కు. ముష్టి ఆకు పెద్దది, మందం, నూనె రాసినట్టు మెరుస్తుంది, కాడ కనబడుతుంది. చిల్ల ఆకు చిన్నది, కాడ ఉందో లేదో అన్నంత పొట్టి. అహోబిలం తిరునాళ్లప్పుడు చెంచులు తేనె, కుంకుడుకాయలతో పాటు చిల్లగింజలు తెచ్చి అమ్మేవాళ్లు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ ముష్టి గింజలనూ, చిల్లగింజలనూ కొనేది. చెంచు పెద్దలు కొమ్మ ముట్టకుండానే, చెట్టు కింద రాలిన ఎండుటాకును కాలితో తిరగేసి ఏ చెట్టో చెప్పేవాళ్లు. రక్తచందనాన్నీ, వేగిసనూ విడదీసిందీ ఇట్లాగే. చందనానికి ఎక్కువగా మూడు రేకులు, గుండ్రంగా, కొనలో చిన్న నొక్కుతో. వేగిసకు ఐదు నుంచి ఏడు.

ఇంత తెలిసిన సమాజంలో ఈ తెలివి ఎందుకు నిలవలేదు? వైద్యుల గుట్టు ఒక కారణం. పసరు మందు ఇచ్చేవాళ్లు ఆకును ఇంట్లోనే నూరి, రసం మాత్రమే బయటికి తెచ్చేవాళ్లు. పేరు చెబితే గుణం పోతుందనేవాళ్లు. కొడుక్కి చెప్పకముందే కన్నుమూసిన వాళ్లతో వాళ్ల మందులూ పోయాయి. ఆ మందులన్నీ గొప్పవని నేననను. పాముకాటుకు పసరు పోసి పొద్దు గడిపి, ఆసుపత్రికి ఆలస్యమై పోయిన ప్రాణాలు మా చుట్టుపక్కల ఉన్నాయి. కాటుకు మందు విషవిరుగుడు సూదే. అయితే ఆకును గుర్తుపట్టడం వేరు, దానితో జబ్బు నయమవుతుందనడం వేరు. మొదటిది మాత్రం గట్టి విద్య. రెండోదాన్ని నమ్మడం మానేస్తూ మొదటిదాన్నీ పారేసుకున్నాం.

పుస్తకాల్లోకి ఎక్కింది కొంత. మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ అధికారిగా పనిచేసిన లషింగ్టన్ చెట్లకూ, పొదలకూ, తీగలకూ జనం పిలుచుకునే పేర్లన్నీ కూర్చి 1915లో జాబితా అచ్చువేశాడు. తెలుగు పేర్లు అందులో బోలెడు. గాంబుల్ మొదలుపెట్టిన మద్రాసు ప్రెసిడెన్సీ వృక్షసంపద గ్రంథం కూడా అప్పుడే బయటికి రావడం మొదలై 1936కు పూర్తయింది. భారత వృక్ష సర్వేక్షణ సంస్థకు చెందిన ఎల్లిస్ నల్లమల అంతా తిరిగి, అక్కడి మొక్కల మీద 1987లో, 1990లో రెండు సంపుటాలు వెలువరించాడు. నేలవేము జాతికే చెందిన ఒక చిన్న మొక్కకు నల్లమల పేరే పెట్టి 1960లలో శాస్త్రలోకానికి పరిచయం చేసింది ఆయనే. మా పల్లె అప్పట్లో ఉన్న కర్నూలు జిల్లా మొక్కల మీద వెంకటరాజు, పుల్లయ్య గార్లు రాసిన గ్రంథం 1995లో వచ్చింది. ఇవన్నీ గొప్ప పనులే. కానీ అన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, మొక్కను తేల్చడానికి చాలాచోట్ల పువ్వు కావాలంటాయి. పువ్వు లేని ఆకు పట్టుకొని నిలబడ్డ తెలుగు మనిషికి మా అవ్వ లాంటివాళ్లే దిక్కు. వాళ్లను అడిగినవాళ్లు తక్కువ. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదని ఊరికే అనలేదు.

రెండో కారణం బతుకుతెరువు మారడం. ఎర్రమల పొడవునా నాపరాయి గనులు లేచాయి. బనగానపల్లె, బేతంచెర్ల, కొలిమిగుండ్ల బండలు దేశమంతా పోయాయి, కూలి వచ్చింది, కొండల అంచుల్లో పొదలు పోయాయి. శ్రీశైలం కుడి కాలువ (ఎస్సార్బీసీ) నీళ్లు వచ్చాయి. రేగడి నేలల్లో పప్పుశనగ పాకింది, కలుపు మందు డబ్బాలు వచ్చాయి. ఆ మందుకు చెంచలాకూ ఒకటే, పిచ్చిమొక్కా ఒకటే. యూరియా వచ్చాక పచ్చిరొట్ట కోత ఆగింది. కాగితం ప్లేట్లతో మోదుగ విస్తరి పోయింది. కుళాయితో చిల్లగింజ పోయింది. 1983లో నాగార్జునసాగర్ శ్రీశైలం పులుల అభయారణ్యం ఏర్పడ్డాక నల్లమలలో రాకపోకలకు హద్దులు వచ్చాయి. పులికి అది మేలే. మేకలు అమ్మేశారు. పిల్లలు బడికి పోయారు, పోవాల్సిందే. ఇందులో ఏ ఒక్కదాన్నీ వద్దనలేం. ఆకుతో పని తీరిపోయింది కాబట్టి ఆకు తెలివి పోయింది. అంతకు మించి ఇందులో మర్మం లేదు.

ఇప్పుడు ఫోను ఉంది. ఆకు ఫొటో తీస్తే పేరు చెబుతుంది. తోటల్లో పెంచే మొక్కలకూ, పువ్వున్నవాటికీ బాగానే చెబుతుంది. ఎర్రమల గుట్ట మీద బలుసు కొమ్మ చూపిస్తే మాత్రం ఏవేవో దూరదేశాల పేర్లు వరసపెడుతుంది. దానికి వాసన తెలియదు, పాలు కారడం తెలియదు, వెలుగుకు పట్టి చూడటం తెలియదు. మా చెట్ల ఫొటోలు దానికి అందించినవాళ్లు కూడా తక్కువే. అది యంత్రం తప్పు కాదు. మనం అందిస్తే నేర్చుకుంటుంది.

అందుకే మా ఎర్రమల, నల్లమల వైపు ఉన్నవాళ్లకు ఒక మనవి. మీ ఇంట్లోనో, వీధిలోనో మేకలు కాసిన, కలుపు తీసిన, పత్రి కోసిన పెద్దలు ఇంకా ఉన్నారు. ఎనభై దాటినవాళ్లే ఎక్కువ, ఆగే సమయం లేదు. వాళ్లను వెంటబెట్టుకొని దగ్గరి గుట్టకు పోండి, నడవలేకపోతే కొమ్మలు ఇంటికి తీసుకురండి. ఒట్టి ఆకు కాకుండా కొన, కాడ, ఉంటే పువ్వు, కాయ అన్నీ కలిసేలా తుంచండి. రెండు వార్తాపత్రికల నడుమ పెట్టి బరువు వేసి, తడి ఆరేదాకా కాగితం మారుస్తూ ఉండండి. పక్కన చీటీ మీద ఆ పెద్దలు చెప్పిన పేరు, ఊరు, తేదీ, దేనికి వాడేవాళ్లో రాయండి. వాసన, పాలు, రంగు కూడా రాయాలి, ఎండాక అవి మిగలవు. అట్లాంటి కట్ట ఒకటి దగ్గరలోని డిగ్రీ కాలేజీ వృక్షశాస్త్ర విభాగానికి ఇస్తే వాళ్లు శాస్త్రీయ నామం జోడిస్తారు. తెలియని ఆకును మాత్రం, ఎవరు ఎంత చెప్పినా, నోట్లో పెట్టకండి, కూరలో వెయ్యకండి. వచ్చే వినాయక చవితికి బజారులో పత్రి కట్ట కొనకుండా ఒక్క ఏడాది పిల్లలతో మీరే కోసుకు రండి. ఇరవై ఒకటీ దొరక్కపోయినా సరే, దొరికినవాటి పేర్లు వాళ్లు జన్మలో మరవరు.